పుష్ బటన్ కారు పొద్దున్నే ఎలా స్టార్ట్ చేయాలి? ఐదు నిమిషాలు వేడెక్కించాలా, వెంటనే తీసేయొచ్చా?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయండి. కొత్తగా పెట్రోల్ ఆటోమేటిక్ కొన్నారు, పుష్ బటన్. నాన్నగారు పాత డీజిల్ అంబాసిడర్ నడిపిన మనిషి కాబట్టి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, ఎక్స్‌లేటర్ తొక్కి రెండుసార్లు రైజ్ చేసి, అప్పుడు గేటు దాటించమంటున్నారు. మీ బావగారేమో ఇప్పటి బళ్లకి అదేం అక్కర్లేదు, బటన్ నొక్కి వెళ్లిపోవడమే అంటున్నారు. ఇది కాక బటన్ నొక్కితే పాటలు వచ్చాయి గానీ ఇంజన్ తిరగలేదు, అదీ ఒకసారి కాదు. షోరూమ్‌లో అడిగితే "బ్రేక్ నొక్కండి సార్" అని ఒక్క ముక్కలో పంపేశారు. మూడోది, బండి ఇంట్లోనే ఉండే రోజుల్లో రోజూ స్టార్ట్ చేయాలా అన్నది, అది చివర్లో చెప్తాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతాను, చోక్ లాగి స్టార్ట్ చేసే బళ్ల దగ్గర్నుంచి ఇప్పటి బీఎస్ 6 బళ్ల దాకా చూస్తున్నా. మీ బావగారు చెప్పింది చాలావరకు కరెక్టు, "వెంటనే" అనే మాట ఒక్కటే తప్పు. నాన్నగారు చెప్పింది ఆయన బండికి నూటికి నూరు కరెక్టు, మీ బండికి మాత్రం పనికిరాదు. ఎందుకో చెప్తాను, ముందు ఆ పాటల సంగతి తేల్చేద్దాం.

పుష్ బటన్ బళ్లు చాలావాటిలో బ్రేక్ మీద కాలు పెట్టకుండా ఒకసారి నొక్కితే ఏసీసీ, అంటే రేడియో, ఛార్జింగ్ సాకెట్ లాంటివి మాత్రమే వస్తాయి. ఇంకోసారి నొక్కితే ఇగ్నిషన్ ఆన్, మీటర్‌లో లైట్లన్నీ వెలుగుతాయి. మూడోసారి నొక్కితే ఆఫ్. బ్రేక్ తొక్కి ఉంచి నొక్కితేనే సెల్ఫ్ కొడుతుంది. మాన్యువల్ అయితే క్లచ్ తొక్కాలి, కొన్నిట్లో క్లచ్ బ్రేక్ రెండూ. మరి నేను బ్రేక్ తొక్కాను కదా అంటారు. తొక్కారు, కానీ సరిపడా దిగలేదు. ఇంజన్ ఆఫ్ చేశాక బ్రేక్ బూస్టర్‌లో, అంటే పెడల్ తేలిగ్గా దిగేలా సాయం చేసే డబ్బాలో, వ్యాక్యూమ్ కొంచెం మిగిలి ఉంటుంది, రెండు మూడుసార్లు పెడల్ తొక్కితే అది అయిపోతుంది, లేకపోతే రాత్రంతా నిలబడి ఉంటే మెల్లగా పోతుంది. అప్పుడు పెడల్ రాయిలా గట్టిగా అయిపోతుంది, మీరు మామూలుగా కాలు ఆనిస్తే స్విచ్ దాకా వెళ్లదు, బండి దృష్టిలో మీరు బ్రేక్ తొక్కనట్టే. సీటు దగ్గరకి జరుపుకుని కాలు చాచి గట్టిగా తొక్కండి, ఇంజన్ అందుకోగానే పెడల్ కాస్త కిందికి దిగుతుంది, అది ఫాల్ట్ కాదు, బూస్టర్ పని మొదలుపెట్టిందని అర్థం. కొన్ని కంపెనీల బళ్లలో బ్రేక్ సరిగ్గా పడి, తాళం కూడా దొరికితే బటన్ మీద పచ్చ లైటు వస్తుంది, మీ దాంట్లో ఉంటే ఆ పచ్చ చూసి నొక్కండి, గొడవ లేదు. బటన్‌ని కూడా పట్టుకుని కూర్చోనక్కర్లేదు, ఒకసారి నొక్కి వదిలేస్తే ఇంజన్ అందుకునేదాకా సెల్ఫ్ దానంతటదే తిప్పుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. నాన్నగారి అంబాసిడర్ డీజిల్‌లో పంపు, ఇంజెక్టర్లు అన్నీ మెకానికల్. ఇంజన్ చల్లగా ఉందా వేడిగా ఉందా అని ఆ పంపుకి పెద్దగా తెలీదు. హీటర్ పెట్టి కాసేపు ఆగి సెల్ఫ్ కొట్టాలి, అందుకున్నాక కూడా దడదడమంటూ కొట్టుకుంటూ ఉండేది, ఆయిల్ కూడా 20డబ్ల్యూ-40 లాంటి చిక్కటిది, పైదాకా ఎక్కడానికి టైం పట్టేది. పెట్రోల్ బళ్లకైతే చోక్ లాగాలి, కొంచెం కొంచెంగా లోపలికి తోయాలి, ఎక్స్‌లేటర్ కదుపుతూ ఇంజన్ ఆగిపోకుండా కాపాడుకోవాలి. అదంతా డ్రైవరే చేయాలి, వేరే దారి లేదు.

ఇప్పుడు ఆ పని ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్ చేస్తుంది. కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి, లోపలికి వచ్చే గాలి ఎంత, ఇవన్నీ సెన్సర్లు చెప్తాయి, దాన్ని బట్టి పెట్రోల్ ఎంత కొట్టాలో అదే లెక్క చూసుకుంటుంది. మీ ఎక్స్‌లేటర్ పెడల్‌కి కేబుల్ కూడా ఉండదు, అదొక సెన్సర్ అంతే. కాబట్టి స్టార్ట్ చేసేటప్పుడు ఎక్స్‌లేటర్ ముట్టుకోకండి. ఇందులో ఇంకో తమాషా ఉంది, చాలా బళ్లలో సెల్ఫ్ తిరుగుతుండగా ఎక్స్‌లేటర్ పూర్తిగా కిందికి తొక్కితే, సిలిండర్లలో పెట్రోల్ ఎక్కువైపోయిందేమో ఖాళీ చేయమంటున్నాడు అనుకుని ఈసీయూ ఇంజెక్టర్లనే ఆపేస్తుంది. అంటే పాత అలవాటుతో సాయం చేద్దామని తొక్కితే స్టార్ట్ అయ్యే బండి కూడా స్టార్ట్ కాదన్నమాట.

మరి ఐదు నిమిషాలు ఉంచితే నష్టమేంటి అంటే, చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ మామూలు కన్నా ఎక్కువ కొడుతుంది, అందులో కొంత మండకుండా సిలిండర్ గోడల మీద ఉన్న ఆయిల్ పొరని కడిగేసి కిందకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. నిలబెట్టి ఉంచితే లోడ్ లేదు కాబట్టి ఇంజన్ చాలా మెల్లగా వేడెక్కుతుంది, అంటే ఆ కడగడం ఎక్కువసేపు సాగుతుంది. అదే మెల్లగా నడిపితే రెండు మూడు కిలోమీటర్లలో వేడెక్కిపోతుంది. పైగా మీరు వేడెక్కించేది ఇంజన్ ఒక్కటే, గేర్‌బాక్స్ ఆయిలు, వీల్ బేరింగులు, షాకబ్జర్లు, టైర్లు ఇవేవీ నిలబడి ఉంటే వేడెక్కవు. పెట్రోల్ ఖర్చు సంగతి సరేసరి, చిన్న ఇంజన్ కూడా ఊరికే నిలబడి గంటకి అర లీటరు నుంచి లీటరు దాకా తాగేస్తుంది. ఇక రైజ్ చేయడం అన్నిటికన్నా చెడ్డది. ఆయిల్ ఇంకా చల్లగా ఉన్నప్పుడు ఇంజన్‌ని మూడు నాలుగు వేల ఆర్పీఎంకి (నిమిషానికి తిప్పులు) లేపితే బేరింగులకీ, టర్బో (ఇంజన్‌లోకి గాలి తోసే చిన్న ఫ్యాన్) ఉంటే దాని షాఫ్ట్‌కీ మంచిది కాదు. టర్బో షాఫ్ట్ లోడ్ మీద నిమిషానికి లక్ష తిప్పుల పైనే తిరుగుతుంది, దాన్ని కాపాడేది ఆ పల్చటి ఆయిల్ పొర ఒక్కటే.

అయితే బావగారు చెప్పినట్టు బటన్ నొక్కిన మరుక్షణం డీ (డ్రైవ్) లో వేసి పోవద్దు. కారణం ఇంజన్ మీద జాలి కాదు, సేఫ్టీ. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఆర్పీఎం మీటర్ చూడండి, 1200, 1300, కొన్నిట్లో 1500 దాకా కూడా పోతుంది, సౌండ్ కూడా గట్టిగా వస్తుంది. చాలామంది కొత్త బండి వాళ్లు షెడ్డుకి వచ్చేది ఈ కంప్లైంట్‌తోనే, "పొద్దున్నే అరుస్తోందన్నా" అని. అది కావాలని చేసేదే. సైలెన్సర్ లైన్‌లో కెటాలిటిక్ కన్వర్టర్ ఉంటుంది కదా, అది సుమారు 300 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ పొగని శుభ్రం చేయలేదు, అందుకని ఈసీయూ స్పార్క్ ఇచ్చే టైమింగ్ వెనక్కి జరిపి వేడి పొగని దానిలోకి తోస్తుంది. కాసేపటికి 900, తర్వాత 700, 800 దగ్గరికి దిగిపోతుంది. ఆ హై ఆర్పీఎంలో మీరు డీ లోనో రివర్స్‌లోనో వేస్తే జెర్క్ వస్తుంది, బ్రేక్ వదలగానే బండి మీరనుకున్నదానికన్నా జోరుగా కదులుతుంది. ఇరుకు సెల్లార్‌లో, వెనక గోడ, పక్కన ఇంకొకాయన కారు, అలాంటి చోట ఆ జోరే కొంప ముంచుతుంది. ముల్లు 1000 కిందకి దిగేదాకా ఆగండి, మన ఎండలకి అది ఇరవై ముప్పై సెకన్లు, చలికాలం పొద్దున్న ఒక నిమిషం. సీటు బెల్టు పెట్టుకుని, అద్దాలు సరిచేసుకునేసరికి అయిపోతుంది.

కదిలాక మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా, 2500 ఆర్పీఎం దాటకుండా పోండి. చాలా బళ్లలో టెంపరేచర్ ముల్లు తీసేసి, నీలం రంగు థర్మామీటర్ లైటు ఒకటి పెడుతున్నారు, ఇంజన్ ఇంకా చల్లగా ఉంది అని దానర్థం. అది ఆరేదాకా గట్టిగా తొక్కకుండా ఉంటే చాలు, నాన్నగారు ఐదు నిమిషాల్లో కోరుకున్న పని రోడ్డు మీదే అయిపోతుంది. సైలెన్సర్‌లోంచి పొద్దున్నే నీటి చుక్కలు పడితే కంగారు పడకండి, అది మామూలే. నీలం పొగ వస్తే మాత్రం ఆయిల్ కాలుతున్నట్టు, చూపించాలి.

స్టార్ట్ చేసేముందు చూడాల్సినవి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే నా దగ్గరికి గుద్దుకుని వచ్చే బళ్లలో ఇంజన్ తప్పు ఉండేది తక్కువ. బండి చుట్టూ ఒక్కసారి తిరగండి. కుక్కపిల్లలు నీడకి టైర్ల కింద దూరతాయి, చలికాలంలో పిల్లులు వెచ్చదనానికి బానెట్ లోపలికి ఎక్కుతాయి, బానెట్ మీద రెండు దెబ్బలు వేస్తే పారిపోతాయి. రెండు రోజులు నిలబెట్టిన బండి అయితే ఎలకలు వైర్లు కొరికాయేమో ఒక చూపు. లోపల కూర్చున్నాక కాళ్ల దగ్గర చూడండి, ఇది అందరూ తేలిగ్గా తీసుకునే విషయం. వాటర్ బాటిల్ సీటు కింద నుంచి దొర్లి వచ్చి బ్రేక్ పెడల్ వెనక ఇరుక్కుంటే బ్రేక్ దిగదు, అంతే సంగతి. కంపెనీ మ్యాట్ మీద బయట కొన్న ఇంకో మందపాటి మ్యాట్ వేస్తారు, అది జరిగి ఎక్స్‌లేటర్‌ని పట్టేస్తుంది. హవాయి చెప్పులతో నడపకండి, జారే చెప్పు పెడల్ కింద మడతపడుతుంది, దానికన్నా వట్టి కాళ్లే నయం.

తర్వాత గేరు పీ (పార్క్) లో ఉందా, హ్యాండ్ బ్రేక్ వేసి ఉందా. ఒకే కాలు, కుడి కాలు, బ్రేక్‌కీ ఎక్స్‌లేటర్‌కీ అదే. ఎడమ కాలు పక్కన పెట్టేయండి. మాన్యువల్ నుంచి వచ్చినవాళ్లు అలవాటుగా క్లచ్ అనుకుని ఎడమ కాలితో బ్రేక్ తొక్కేస్తారు, ముక్కు స్టీరింగ్‌కి తగులుతుంది.

వారానికోసారైనా బ్రేక్ తొక్కకుండా రెండుసార్లు బటన్ నొక్కి ఆన్‌లో పెట్టి మీటర్ చూడండి. లైట్లన్నీ ఒకసారి వెలిగి, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఎర్ర ఆయిల్ క్యాన్ బొమ్మ, ఎర్ర బ్యాటరీ బొమ్మ, పసుపు ఇంజన్ బొమ్మ మాత్రం ఇంజన్ తిరిగేదాకా ఉంటాయి, స్టార్ట్ అయ్యాక రెండు మూడు సెకన్లలో పోవాలి. ఇంతకీ అసలు వెలగాల్సిన లైటు వెలగకపోయినా అనుమానించాలి, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ బండి కొన్నప్పుడు, ఎయిర్‌బ్యాగ్ పాడైతే లైటు కనెక్షన్ పీకేసి అమ్మేవాళ్లు ఉన్నారు. స్టార్ట్ అయ్యాక ఎర్ర ఆయిల్ లైటు ఆరలేదంటే ఇంజన్ ఆ క్షణమే ఆపేయండి, షెడ్డు దాకా నడిపి తెస్తాను అనొద్దు, ఆ దూరానికే ఇంజన్ పోతుంది. పసుపు ఇంజన్ లైటు అయితే బండి మామూలుగా నడుస్తుంటే మెల్లగా తీసుకెళ్లి స్కాన్ చేయించొచ్చు, ఇంజన్ అదురుతూ ఆ లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం పక్కకి ఆపండి.

కొత్త బండి అన్నారు కాబట్టి ఒక మాట. పూజ చేసి నిమ్మకాయలు తొక్కించేటప్పుడు ఆటోమేటిక్ బళ్లతో జరిగే ప్రమాదాలు అన్నీ ఒకటే రకం. చుట్టూ జనం, ముందు కొబ్బరికాయ పట్టుకుని ఎవరో, డ్రైవింగ్ సీట్లో ఆ బండి ఎప్పుడూ నడపని మనిషి. డీ లో వేసి ఎక్స్‌లేటర్ తొక్కుతారు, బండి ఎగిరి దూకుతుంది, కంగారులో బ్రేక్ అనుకుని దాన్నే ఇంకా తొక్కుతారు. మామూలు ఆటోమేటిక్‌కి ఎక్స్‌లేటర్ అక్కర్లేదండి, బ్రేక్ మీద కాలు కొంచెం కొంచెంగా వదిలితే బండి దానంతటదే పాకుతుంది, నిమ్మకాయ నలగడానికి అది ఎక్కువే. ముందు ఎవరినీ నిలబడనివ్వకండి, పంతులుగారితో సహా.

మాన్యువల్ వాళ్లకి ఒక్కటే చెప్తాను. తాళంతో స్టార్ట్ చేసే బళ్లలో చాలావాటికి క్లచ్ తొక్కకపోయినా సెల్ఫ్ కొడుతుంది. ఏటవాలులో గేర్లో పెట్టి వెళ్లిపోయి, తర్వాత కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పితే సెల్ఫ్ మోటారే బండిని ముందుకు ఎగరేస్తుంది, ఇంజన్ అందుకుందంటే ఇక అదే పోతుంది, బయట ఉన్న మీరేం చేయలేరు. ఏసీ వేసి ఉంచుదామని, కడిగేటప్పుడు పాటలు పెడదామని ఇలా చేస్తారు. సీట్లో కూర్చుని, క్లచ్ పూర్తిగా తొక్కి, గేర్ రాడ్ అటూ ఇటూ కదిపి న్యూట్రల్ చూసుకుని మాత్రమే తాళం తిప్పాలి. క్లచ్ తొక్కితే సెల్ఫ్ మోటారుకి గేర్‌బాక్స్ తిప్పే బరువు కూడా తగ్గుతుంది. తాళం తిరగకుండా బిగుసుకుంటే అది స్టీరింగ్ లాక్, బలంగా తిప్పితే తాళం విరుగుతుంది, ఒక చేత్తో స్టీరింగ్ అటూ ఇటూ ఆడిస్తూ తిప్పండి.

డీజిల్ అయితే ఆన్ చేయగానే స్ప్రింగ్ బొమ్మ లాంటి పసుపు లైటు వస్తుంది, హీటర్ ప్లగ్గులు వేడెక్కుతున్నట్టు. కోస్తాలో అది కనిపించేలోపే పోతుంది, లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వైపు డిసెంబర్, జనవరి పొద్దున్నే అయితే కొన్ని సెకన్లు ఉంటుంది, ఆరాక స్టార్ట్ చేయండి. సీఎన్‌జీ బళ్లు ఎక్కువ భాగం పెట్రోల్ మీద స్టార్ట్ అయి కాస్త వేడెక్కాక గ్యాస్‌కి మారతాయి, నేరుగా గ్యాస్ మీద స్టార్ట్ అయ్యేవీ వచ్చాయి, ఏదైనా ట్యాంకులో కొంచెం పెట్రోల్ ఎప్పుడూ ఉంచండి. గ్యాస్ కొట్టించాక బండి సెల్ఫ్ తీసుకోకపోతే ముందు ఫిల్లింగ్ మూత చూడండి, అది సరిగ్గా పడకపోతే స్టార్ట్ కాకుండా స్విచ్ పెడతారు. ఎలక్ట్రిక్ బళ్లలో, పెట్రోల్ ఇంజన్‌తో పాటు కరెంట్ మోటారు కూడా ఉండే స్ట్రాంగ్ హైబ్రిడ్ బళ్లలో సౌండే రాదు, మీటర్‌లో రెడీ అని పడిందంటే బండి ఆన్‌లో ఉన్నట్టే, పెడల్ తగిలితే కదిలిపోతుంది. స్టార్ట్ కాలేదేమో అని మళ్లీ మళ్లీ నొక్కి ఆపేసేవాళ్లు ఉన్నారు, ఆన్‌లో ఉందని తెలీక తలుపు తీసి దిగేవాళ్లూ ఉన్నారు, రెండోదే ప్రమాదం.

స్టార్ట్ కాకపోతే చెవి పెట్టండి, బండి ఏం చెప్తుందో వినండి. లైట్లే రాకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది లేదా టెర్మినల్ లూజు. లైట్లు వచ్చి టకటకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీలో దమ్ము లేదు. ఒక్కసారే టక్ మని ఆగిపోతే సెల్ఫ్ మోటారు లేదా దాన్ని ఆన్ చేసే స్విచ్ (సోలనాయిడ్) వైపు చూడాలి. సెల్ఫ్ హుషారుగా తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే బ్యాటరీ బాగానే ఉంది, పెట్రోల్ రావట్లేదు, స్పార్క్ లేదు, లేకపోతే దొంగతనం జరగకుండా పెట్టే ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తుపట్టట్లేదు. తాళం బళ్లలో ఒకేసారి పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టొద్దు, అరనిమిషం ఆగి మళ్లీ కొట్టాలి, లేకపోతే మోటారు కాలుతుంది, బ్యాటరీ కూడా పోతుంది. ఒక చిన్న మల్టీమీటర్ కొని డిక్కీలో పడేయండి. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులు ఉంటే ఫుల్, 12.2 అంటే సగం, 12 కన్నా తక్కువంటే ఖాళీ అయినట్టే. ఇంజన్ తిరుగుతుండగా 13.5 నుంచి 14.7 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తున్నట్టు. బ్యాటరీ చలికి పోతుందని పుస్తకాల్లో ఉంటుంది, చలి దేశాల వాళ్లు రాసినవి. మన దగ్గర దాన్ని చంపేది మే నెల ఎండ, బయటపడేది మాత్రం వానాకాలంలో వైపర్లు, లైట్లు, ఏసీ అన్నీ ఒక్కసారి వేసినప్పుడు.

కీ నాట్ డిటెక్టెడ్ అని వస్తే చాలాసార్లు రిమోట్‌లో బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. చాలావాటికి సీఆర్ 2032 పడుతుంది, ఎక్కడైనా దొరుకుతుంది. అది అయిపోయినా బండి స్టార్ట్ అవుతుంది, ఎందుకంటే రిమోట్ లోపల ఇమ్మొబిలైజర్ చిప్ వేరే ఉంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు, బండిలోని కాయిల్ దగ్గరికి తెస్తే ఆ కరెంటుతోనే అది మేలుకుంటుంది. అందుకే రిమోట్‌ని బటన్‌కి ఆనించి పట్టుకుని, లేదా రిమోట్‌తోనే బటన్ నొక్కి స్టార్ట్ చేయాలి. కొన్ని బళ్లలో కప్ హోల్డర్ దగ్గరో కన్సోల్‌లోనో దానికి చోటు ఉంటుంది, మాన్యువల్ పుస్తకంలో మీ బండికి ఎక్కడో ఇప్పుడే చూసి పెట్టుకోండి, అర్ధరాత్రి టోల్ గేట్ దగ్గర వెతుక్కోకుండా. డోర్ తీయడానికి రిమోట్‌లోనే మామూలు తాళం చెవి దాగి ఉంటుంది. రిమోట్‌ని ఫోన్‌తో కలిపి ఒకే జేబులో పెట్టుకున్నా ఒక్కోసారి బండి దాన్ని గుర్తుపట్టదు.

వేరే బండి బ్యాటరీతో స్టార్ట్ చేయాల్సి వస్తే ఎర్ర కేబుల్ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస మాత్రం దిగిపోయిన బ్యాటరీకి కాదు, ఆ బండి ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. చివరి కనెక్షన్ ఇచ్చేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాస్ ఉంటుంది, పేలిన బ్యాటరీలని చూశాను నేను. మంచి బండి స్టార్ట్ చేసి నాలుగైదు నిమిషాలు ఆగి రెండోది స్టార్ట్ చేయండి, తీసేటప్పుడు తిరగేసి తీయండి. ప్లస్ మైనస్ తారుమారైతే ఈసీయూ పోతుంది, దాని ధర వింటే కేబుల్స్ పక్కన పెట్టి మెకానిక్‌ని పిలుస్తారు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండి నుంచి ఇంకో బండికి కరెంట్ ఇవ్వకండి. తోసి స్టార్ట్ చేయడం సంగతి అడిగేవాళ్లకి, ఆటోమేటిక్‌ని ఎంత తోసినా స్టార్ట్ కాదు. మాన్యువల్‌లో కూడా బ్యాటరీ పూర్తిగా పోతే పెట్రోల్ పంపుకీ ఈసీయూకీ కరెంటే ఉండదు, ఉన్నా మండని పెట్రోల్ వెళ్లి కన్వర్టర్‌ని పాడుచేయొచ్చు.

షట్టర్ వేసిన గ్యారేజీలో, గాలి ఆడని గదిలో ఇంజన్ ఆన్ చేసి ఉంచకండి, ఒక్క నిమిషం కూడా. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, ఇందాక చెప్పాను కదా కన్వర్టర్ చల్లగా ఉన్నప్పుడు పొగ శుభ్రం కాదని, అంటే విషం ఎక్కువ వచ్చేది సరిగ్గా స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లోనే. ముందు షట్టర్ ఎత్తండి, తర్వాత స్టార్ట్, ఇక్కడ మాత్రం ఆగకుండా, బ్రేక్ మీద కాలు ఉంచుకుని మెల్లగా బయటకి తీయండి, ఆర్పీఎం దిగేదాకా ఆగడం బయట ఆగండి. ఏసీ వేసుకుని ఆగిన బండిలో నిద్రపోవడం కూడా ఇదే లెక్క. పుష్ బటన్‌తో ఇంకో బాధ, రిమోట్ జేబులో ఉంటుంది కాబట్టి ఇంజన్ ఆపకుండానే దిగిపోతారు, బీప్ బీప్ మంటున్నా వినరు. కొన్ని బళ్లలో పీ లో వేయకుండా ఆఫ్ నొక్కితే పూర్తిగా ఆఫ్ కాదు, ఏసీసీలోనే ఉండిపోయి తెల్లారేసరికి బ్యాటరీ దింపేస్తుంది. ఆపేటప్పుడు బ్రేక్ మీద కాలు ఉంచి ఎన్ (న్యూట్రల్), హ్యాండ్ బ్రేక్, ఒక్కసారి బ్రేక్ వదిలి బండి హ్యాండ్ బ్రేక్ మీద ఆగిందని చూసుకుని, మళ్లీ తొక్కి పీ, అప్పుడు ఆఫ్. పీ లో బండిని పట్టేది గేర్‌బాక్స్‌లో చిన్న ఇనుప పన్ను ఒక్కటే, ఏటవాలులో బరువంతా దాని మీద వేయొద్దు. టర్బో బండి హైవే మీద తోలుకొచ్చి ఉంటే ఆపేముందు ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచండి, నాన్నగారి ఐదు నిమిషాల్లో ఒకటి ఇక్కడ పనికొస్తుంది.

నీళ్లలో మునిగిన బండి అయితే అసలు స్టార్టే చేయొద్దు, ఆన్ కూడా చేయొద్దు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదలప్పుడు, 2024 సెప్టెంబర్‌లో మా విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు నీళ్లు తీసేశాక చాలామంది చేసిన మొదటి పని, పని చేస్తుందో లేదో చూద్దామని సెల్ఫ్ కొట్టడం. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీళ్లు కుదించుకుపోవు, సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ పైకి వచ్చి ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. స్టార్ట్ చేయకుండా మైనస్ టెర్మినల్ తీసేసి టోయింగ్‌లో తెచ్చిన బళ్లలో ఇంజన్లు బతికినవి ఉన్నాయి. మామూలు ఇన్సూరెన్స్‌లో ఇలా ఇంజన్ లాక్ అయితే క్లెయిమ్ ఇవ్వరు, ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉండాలి. పాలసీ కాగితం తీసి చూడండి, కాలవ పక్కన ఇల్లు అయితే ఇంకా ముఖ్యం.

చివర్లో మీరు అడిగారు, నెలలో సగం రోజులు బండి ఇంట్లోనే ఉంటుంది, నాన్నగారు రోజూ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేస్తానంటున్నారు, మంచిదేనా అని. అమెరికాలో ఉన్న పిల్లలు కొనిచ్చిన బళ్లకి ఊళ్లో పెద్దవాళ్లు ఇదే చేస్తుంటారు, బ్యాటరీ త్వరగా పోవడానికి ఇదే కారణం. స్టార్ట్ చేయడానికి వాడిన ఛార్జ్ ఐదు నిమిషాల ఐడిలింగ్‌లో సరిగ్గా తిరిగి రాదు, సైలెన్సర్లో నీరు కూడా ఆవిరి కాకుండా లోపలే మిగిలి తుప్పు పట్టిస్తుంది. రోజూ వద్దు, వారానికి ఒకసారి అరగంట రోడ్డు మీద తిప్పమనండి, ఏసీ కూడా వేసి. అదీ కుదరకుండా నెలకి పైగా ఆపాల్సి వస్తే మైనస్ టెర్మినల్ విప్పేయండి, టైర్లలో గాలి రెండు మూడు పాయింట్లు ఎక్కువ కొట్టించండి. టెర్మినల్ తీసేముందు రిమోట్‌లోంచి తాళం చెవి బయటకి తీసి డోర్ దానితో తెరుచుకుంటుందో లేదో చూసుకోండి, తర్వాత రిమోట్ పని చేయదు. మళ్లీ పెట్టాక పవర్ విండోల ఆటో పని చేయకపోవచ్చు, అద్దం పూర్తిగా పైకి ఎక్కించి స్విచ్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే చాలా బళ్లలో సెట్ అయిపోతుంది.